‘ఆలోచించి రాయండి’ అంటే ఏం రాయాలి? ఒడిశా సరిహద్దు బడుల్లో ఆలోచన, భాష, మార్కులు

క్లుప్తంగా: పిల్లలకు ఆలోచించడం నేర్పాలన్న మాట విధానపత్రాల్లోంచి ప్రశ్నపత్రాల్లోకి దిగింది. ఆలోచన విడిగా పీరియడు పెట్టి నేర్పే సబ్జెక్టు కాదని, తెలిసిన విషయం మీదే అది సాగుతుందని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం చెబుతోంది. దానికి పట్టున్న భాష కూడా తోడు కావాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చే సరిహద్దు జిల్లాల పిల్లలకు చిక్కు ఈ భాష దగ్గరే వస్తోంది.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పరీక్షల రోజుల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పిల్లవాడు పుస్తకం అంతా చదివాడు, పేపర్లో మాత్రం పుస్తకంలో లేనిది అడిగారు. స్కూల్లో అడిగితే ‘హాట్స్ (ఉన్నత స్థాయి ఆలోచన నైపుణ్యాల) ప్రశ్నలండీ, ఆలోచించి రాయాలి’ అంటారు. ఎలా ఆలోచించాలో ఎప్పుడు నేర్పారన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. ఈ గందరగోళంలో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. ‘ఆలోచన నైపుణ్యాలు’ అనే ఒక్క మాట కింద విద్యారంగంలో నాలుగైదు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది

1956లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు పరీక్ష ప్రశ్నలను వర్గీకరించడానికి ఒక నిచ్చెన తయారుచేశారు. అడుగు మెట్టు జ్ఞానం. దాని మీద అర్థం చేసుకోవడం, అన్వయం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం వరసగా ఉంటాయి. 2001లో దాన్ని సవరించి పై మెట్టుగా సృజనను పెట్టారు. బీఈడీ చదివిన ప్రతి టీచరుకూ ఈ నిచ్చెన తెలుసు. కింది మెట్లు ‘తక్కువ రకం’, పై మెట్లు ‘ఎక్కువ రకం’ అన్న అపార్థం కూడా దాంతోపాటే వచ్చింది. నిచ్చెన ఎక్కేవాడు కింది మెట్టు లేకుండా పై మెట్టు మీద ఎలా నిలబడతాడన్న సంగతి శిక్షణ తరగతుల్లో పెద్దగా చర్చకు రాదు.

మరో పాయ 1970ల్లో మొదలైంది. మాథ్యూ లిప్‌మన్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక కథ చదివించి, అందులోంచి పుట్టిన ప్రశ్నను వాళ్లచేతే చర్చింపజేసే పద్ధతి తెచ్చాడు. ఎడ్వర్డ్ డి బోనో ఆలోచనను విడిగా సాధన చేయవచ్చని వాదించి, ఆరు రంగుల టోపీల పద్ధతిని 1985లో ప్రచారంలోకి తెచ్చాడు. ‘థింకింగ్ స్కిల్స్’ పేరిట సెలవుల్లో నడిచే శిబిరాలు చాలావరకు ఈ రెండో రకానికి చెందినవే.

మన దగ్గర 2020 జాతీయ విద్యావిధానం బట్టీ తగ్గించి విమర్శనాత్మక ఆలోచన పెంచాలంది. వీలైన చోట కనీసం అయిదో తరగతి దాకా, కుదిరితే ఎనిమిదో తరగతి, ఆపైన కూడా ఇంటిభాషలో లేదా మాతృభాషలో బోధన ఉండాలనీ అంది. మొదటి మాట త్వరగా అమల్లోకి వచ్చింది. సీబీఎస్‌ఈ 2023-24లో 9, 10 తరగతుల పేపర్లలో సగం సామర్థ్య ఆధారిత ప్రశ్నలు, అంటే నేర్చినదాన్ని కొత్త సందర్భంలో వాడమనేవి, ఉంటాయని ప్రకటించింది. మరుసటి ఏడాది 11, 12 తరగతులకూ ఆ సగం వచ్చింది. రెండో మాట నెమ్మదిగా నడుస్తోంది. సరిహద్దు జిల్లాల ఇబ్బందికి మూలం ఈ వేగాల తేడా.

గొర్రెలు, మేకలు, కెప్టెన్ వయసు

ఆలోచన లేకపోవడం అంటే ఏమిటో చూపడానికి ఒక పాత లెక్క ఉంది. 1979-80 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గణిత బోధన పరిశోధకులు చిన్న తరగతుల పిల్లలకు ఇలా ఇచ్చారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత? 97 మంది పిల్లల్లో 76 మంది ప్రశ్నలో ఉన్న అంకెలతో ఏదో ఒకటి చేసి జవాబు రాసేశారు. 36 ఏళ్లు అంటే కెప్టెన్‌కి సరిపోయే వయసే కదా!

ఆ పిల్లలు తెలివితక్కువ వాళ్లు కారు. బడి నియమాలు బాగా వంటబట్టిన వాళ్లు. టీచరు ఇచ్చిన లెక్కకు జవాబు ఉంటుంది, ఇచ్చిన అంకెలన్నీ వాడాలి, ‘ఈ లెక్క కుదరదు’ అని రాస్తే మార్కులు రావు. ఈ మూడూ ఎవరూ పలకమీద రాయరు, పిల్లలు మాత్రం మొదటి రెండేళ్లలోనే పట్టేస్తారు. ఆలోచించమని చెప్పే బడే ఆలోచన అక్కర్లేని దారి కూడా నేర్పుతోందన్న మాట. బరంపురంలో ఇచ్చినా ఫలితం పెద్దగా మారకపోవచ్చు. మన పిల్లలకు లెక్కలో ‘మొత్తం’ అన్న మాట కనబడితే కూడిక, ‘మిగిలినవి’ అంటే తీసివేత అని ట్యూషన్లో చెబుతారు. మాటను చూసి పని చేస్తే చాలు, ప్రశ్నను చదవక్కర్లేదు.

విడిగా నేర్పితే వస్తుందా

ఇక్కడే అసలు తగవు. ఆలోచన ఒక సాధారణ శక్తి అయితే చదరంగం ఆడించినా, పజిళ్లు చేయించినా అది పెరగాలి. పెరిగి సైన్సులోనూ సాంఘికశాస్త్రంలోనూ పనికి రావాలి. అబాకస్ తరగతుల బోర్డుల మీద రాసే హామీ దాదాపు ఇదే.

1966లో పీటర్ వాసన్ అనే మనస్తత్వవేత్త ఒక చీట్ల పరీక్ష పెట్టాడు. దాన్ని తెలుగులోకి మార్చుకుంటే ఇలా ఉంటుంది. బల్లమీద నాలుగు చీట్లు. పైకి కనిపించేవి అ, క, 4, 7. ప్రతి చీటీకి ఒకవైపు అక్షరం, మరోవైపు అంకె. ‘ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది’ అన్నది నియమం. అది నిజమో కాదో తేల్చడానికి ఏ చీట్లు తిప్పి చూడాలి? చదువుకున్న పెద్దలు కూడా ఎక్కువ మంది ‘అ, 4’ అంటారు. సరైన జవాబు ‘అ, 7’. 4 వెనక ఏమున్నా నియమానికి నష్టం లేదు, 7 వెనక అచ్చు ఉంటే మాత్రం నియమం పడిపోతుంది.

1982లో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు ఇదే తర్కాన్ని మందు తాగే వయసు మీద పెట్టారు. ‘బీరు తాగుతున్నవాడికి 19 ఏళ్లు నిండి ఉండాలి.’ నలుగురు ఉన్నారు: బీరు తాగుతున్న ఒకడు, కూల్‌డ్రింక్ తాగుతున్న ఒకడు, 22 ఏళ్లవాడు, 16 ఏళ్లవాడు. ఎవరిని తనిఖీ చేయాలి? అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ ప్రశ్న విన్న విద్యార్థుల్లో దాదాపు నలుగురిలో ముగ్గురు సరిగ్గా చెప్పారు: బీరు తాగేవాడిని, 16 ఏళ్లవాడిని. తర్కం అదే. విషయం తెలిసినది కాగానే మెదడు తీరే మారిపోయింది.

సంతలో కూర్చునే పిల్లల సంగతీ ఇంతే. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధి వ్యాపారం చేసే పిల్లలు బేరంలో చేసిన లెక్కలు 98 శాతం సరిపోయాయి. అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతమే. కోల్‌కతా, దిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద జరిగిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అక్కడా బేరంలో తడుముకోని పిల్లలు బడి లెక్కలో తడబడ్డారు. బడిలో మార్కులు వచ్చే పిల్లలు బేరం లెక్కలో చతికిలబడ్డారు. బరంపురం బడా బజారులోనో గోపాలపూర్ రేవులోనో అమ్మ పక్కన కూర్చుని చిల్లర లెక్క చూసే పిల్లకు బడి లెక్క రాకపోతే ఆ అమ్మాయికి లెక్క రాదనడం తొందరపాటు అవుతుంది. ఒకచోట నేర్చిన ఆలోచన రెండోచోటికి దానంతట అది నడిచిపోదు, ఎవరో చెయ్యిపట్టి దాటించాలి.

గుండ్రంగా కూర్చోబెట్టి చర్చించే తాత్విక పద్ధతికి కూడా మిశ్రమ ఫలితాలే వచ్చాయి. ఇంగ్లండ్‌లో 48 బడుల్లో చేసిన ప్రయోగంలో చదవడంలోను, లెక్కల్లోను దాదాపు రెండు నెలల అదనపు ప్రగతి కనబడిందని 2015లో ప్రకటించారు. తర్వాత మరింత పెద్ద ఎత్తున చేసి 2021లో ఫలితం చెప్పినప్పుడు చదవడంలో ఆ లాభం కనబడలేదు. పిల్లలు నోరు విప్పి మాట్లాడటం మొదలుపెట్టారన్నది టీచర్లు ఒప్పుకున్న లాభం. అది తక్కువదేమీ కాదు గానీ, దాన్ని ‘మీ పిల్లల మార్కులు పెరుగుతాయి’ అని అమ్మడం వేరు.

ఇరవై తొమ్మిది, అణతిరిశ

విషయం తెలియాలి సరే, దాన్ని ఏ భాషలో తెలుసుకోవాలి? సరిహద్దు జిల్లాల్లో ఇది చిన్న ప్రశ్న కాదు.

అంకెల పేర్లనే తీసుకుందాం. తెలుగులో ఇరవై దాటాక పేరులోనే లెక్క ఉంది. ఇరవై తొమ్మిది అంటే ఇరవై, తొమ్మిది. ముప్పై తొమ్మిది అంటే ముప్పై, తొమ్మిది. ఒడియాలో 29ని అణతిరిశ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 39 అణచాళిశ, నలభైకి ఒకటి తక్కువ. హిందీలో మాదిరిగానే మిగతా చాలా సంఖ్యల పేర్లు కూడా విడదీసి చూస్తే దొరకవు, ఒక్కొక్కటీ విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఒడియా ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ పేర్లు బడికి రాకముందే చెవిన పడి ఉంటాయి. తెలుగు ఇంటి పిల్లాడు ‘తిరిశ’ వినగానే ముప్పై అనుకుని 39 రాసే ప్రమాదం ఉంది. టీచరు అక్కడ ఎర్రసిరాతో కొట్టేది లెక్కనే గానీ, తప్పింది చెవి.

బడి పిల్లలకు ఎంత వచ్చిందో కొలవడానికి 2024 డిసెంబరు 4న దేశమంతా జరిపిన పరఖ్ సర్వేలో మూడో తరగతి పిల్లల్లో 55 శాతమే 99 వరకు సంఖ్యలను ఎక్కువ తక్కువల వరసలో పెట్టగలిగారు. ఆ మిగిలిన 45 శాతంలో లెక్క రానివాళ్లు ఎందరో, పేరు తెలియనివాళ్లు ఎందరో సర్వే విడదీసి చెప్పదు. సరిహద్దు బడి టీచరు మాత్రం ఐదు నిమిషాల్లో విడదీయవచ్చు: అదే లెక్క అంకెల్లో రాసి ఇచ్చి ఒకసారి, ఒడియాలో నోటితో చెప్పి ఒకసారి, తెలుగులో ఒకసారి.

పై తరగతులకు వెళ్లేకొద్దీ చిక్కు కనబడకుండా లోపలికి పోతుంది. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో మాట్లాడే భాషకూ చదువు భాషకూ తేడా చూపించాడు. ఆటస్థలంలో రెండో భాష రావడానికి రెండేళ్లు చాలు. పాఠంలోని ‘కారణం’, ‘ప్రభావం’, ‘అనుకుంటే’, ‘అయినప్పటికీ’ లాంటి మాటలతో వాదన కట్టడానికి అయిదేళ్లు, ఏడేళ్లు కూడా పడుతుంది. బరంపురంలో తెలుగు పిల్లలు ఒడియా గలగలా మాట్లాడతారు. అదే మోసం చేస్తుంది. ‘మాట్లాడుతున్నాడు కదా, రాయడానికేం?’ అన్న మాట అక్కడి నుంచే వస్తుంది.

దీని వెనక యంత్రాంగం తేలికైనదే. మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగే సంగతులు నాలుగైదుకు మించవు. ప్రశ్నలోని మాటల అర్థం వెతకడానికే రెండు ఖర్చయితే పోల్చడానికి, కారణం కట్టడానికి చోటు మిగలదు. అప్పుడు పిల్లవాడు చేసే తెలివైన పని బట్టీ పట్టడమే. ఆ కోణంలో చూస్తే బట్టీ బద్ధకం కాదు, ఇరుకులో దొరికిన ఉపాయం.

చట్టంలో ఏముంది

రాజ్యాంగంలోని 350ఏ అధికరణం 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని అది చెబుతుంది. తరగతిలో 10 మంది లేదా బడిలో 40 మంది ఉంటే ఆ భాష టీచరును ఇవ్వాలన్న కొలత 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం నుంచి వచ్చింది. ఒడిశా 2006-07 నుంచి సవర, కువి, కోయ సహా 10 గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. తెలుగు ఆ పథకం కిందకు రాదు, భాషా అల్పసంఖ్యాకుల ఏర్పాట్ల కిందకు వస్తుంది. కాగితం మీద రెంటికీ రక్షణ ఉంది. ఆచరణలో టీచరు రిటైరైతే ఆ ఖాళీలో అదే భాష తెలిసినవాళ్లు వచ్చేదాకా తరగతి ఏ భాషలో నడుస్తుందన్నదే అసలు ప్రశ్న.

పర్లాకిమిడిలో ఒకసారి జరిగిన పని

ఈ చర్చంతా కొత్తదిగా కనబడుతుంది గానీ దీని మొదటి పాఠం ఈ నేల మీదే జరిగింది. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరాడు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పే బడులు పెట్టించాడు. తర్వాత సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు.

తెలుగు విషయంలో ఆయన వాదన చాలామందికి ‘వాడుకభాష గొడవ’గానే గుర్తుంది. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాల స్కూళ్ల ఇన్‌స్పెక్టరు జె.ఏ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ బడిలో నేర్పే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగిన దగ్గర ఆ చర్చ రాజుకుంది. దాని లోపల ఉన్నది బోధన సమస్యే. పిల్లవాడు ఎన్నడూ మాట్లాడని గ్రాంథికంలో జవాబు రాయమంటే సొంత మాట రాయలేడు, పుస్తకంలోని వాక్యాన్నే దించుతాడు. దించిన వాక్యం చూసి వాడికి అర్థమైందో లేదో టీచరు చెప్పలేడు. ‘సొంత మాటల్లో రాయండి’ అని ఈనాటి పేపర్లు అడిగేది సరిగ్గా ఇదే. ఆ సొంత మాటలు ఏ భాషవి అన్న దగ్గరే గ్రాంథికం స్థానంలో ఇవాళ ఒడియానో ఇంగ్లిషో నిలబడింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు గిడుగు ఊరు విడిచి రాజమండ్రి చేరాడు. సవర వాచకాలు మొదలైన ఊళ్లోనే తెలుగు కూడా అల్పసంఖ్యాక భాష అయింది.

తరగతి గదిలో మూడు సెకన్లు

పరిశోధనలు తేల్చిన ఉపాయాల్లో డబ్బు అక్కర్లేనిది ఒకటుంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తరగతుల టేపులు విని, టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నాడని చూపింది. ఆ ఆగడాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’ అనేవాళ్లు తగ్గారు, ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లలు ఎత్తారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేశారు. రెండు భాషల మధ్య మనసులో అనువాదం చేసుకునే పిల్లకు ఆ మూడు సెకన్లు ఇంకా విలువైనవి. ఒక సెకనులో జవాబిచ్చేది భాష ముందే వచ్చినవాళ్లు మాత్రమే.

ఇక ప్రశ్న ఎలాంటిదై ఉండాలో చూద్దాం. గంజాం తీరంలో ఏడో తరగతి అనుకుందాం, సగం మంది తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాల పిల్లలు. టీచరు బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తారు. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌లో చనిపోయినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. ఎందుకు?

మొదటి చెయ్యి లేస్తుంది: ‘ఫైలిన్ చిన్నది సార్.’ మామూలు తరగతిలో టీచరు ‘తప్పు, కూర్చో’ అంటారు లేదా ‘వెరీ గుడ్’ అంటారు. రెండింటితోనూ ఆలోచన అక్కడితో ఆగుతుంది. దాని బదులు ‘నీకెలా తెలుసు?’ అని అడిగితే పాఠం కదులుతుంది. ఫైలిన్ గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. 1999 తుఫాను 260 దాకా వెళ్లింది. తక్కువే గానీ చిన్నది కాదు. గాలి నాలుగోవంతు తగ్గితే చావులు వందల రెట్లు తగ్గుతాయా? ఇంకొకరు ‘చోటు వేరు’ అంటారు. నిజమే, 1999లో సముద్రం ముంచెత్తింది జగత్‌సింగ్‌పూర్ వైపు పల్లపు తీరాన్ని. మరొకరు ‘ముందే తీసుకెళ్లిపోయారు కదా’ అంటారు. ఫైలిన్‌కు ముందు దాదాపు 10 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఇప్పుడు బోర్డు మీద మూడు కారణాలున్నాయి, ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. ఏది ఎంత అని తేల్చాలంటే ఇంకే సమాచారం కావాలన్నది తర్వాతి ప్రశ్న.

ఇంతలో వెనక బెంచీ నుంచి ‘మా తాత ఇల్లు కదల్లేదు సార్, ఆయనకేం కాలేదు’ అని వస్తుంది. తరగతిలో దొరికే బంగారం లాంటి జవాబు ఇది. ఒక్క తాత బతికితే తరలింపు అనవసరమని తేలినట్టా? పది మంది కదలకపోతే ఎందరు బతికారో లెక్క కావాలి కదా? శాస్త్రీయ పద్ధతి మీద పాఠ్యపుస్తకంలోని నాలుగు పేజీలు చెప్పలేనిది ఈ తాత చెబుతాడు.

ఈ పిల్లలెవరూ 1999 చూడలేదు. ఫైలిన్ కూడా చాలామంది విన్నదే. ఇక్కడ తెలుగు చేతికి ఒక పనిముట్టు ఇస్తుంది. ‘నీళ్లొచ్చాయి’ వేరు, ‘నీళ్లొచ్చాయట’ వేరు, ‘నీళ్లొచ్చాయి కాబోలు’ వేరు. కళ్లతో చూసింది, చెవితో విన్నది, ఊహించింది అన్న తేడాను మూడేళ్ల పిల్ల కూడా తడబడకుండా పలుకుతుంది. ‘ఆధారం’, ‘మూలం’, ‘అనుమితి’ అని పెద్ద పేర్లు పెట్టి తొమ్మిదో తరగతిలో నేర్పేది ఈ తేడానే. వాట్సాప్‌లో తుఫాను పుకారు వచ్చినప్పుడు పిల్ల ‘వస్తోందట’ అంటే ‘ఎవరన్నారట?’ అని అడగడం ఇంట్లో కూడా చేయగలిగిన పని.

ఆ తరగతి టీచరుకు తెలుగు రాకపోతే ఎలా? వేల్స్‌లో ఇంగ్లిష్, వెల్ష్ రెండూ నడిచే బడుల కోసం కెన్ విలియమ్స్ 1990ల్లో ఒక పద్ధతికి పేరు పెట్టాడు: ఒక భాషలో విని లేదా చదివి, మరో భాషలో చెప్పడం లేదా రాయడం. దాన్ని ఇక్కడికి తెచ్చుకుంటే, నలుగురు పిల్లలు తెలుగులో వాదించుకుని తేల్చుకున్నదాన్ని ఒకరు ఒడియాలో నిలబడి చెబుతారు. ఆలోచన పట్టున్న భాషలో జరుగుతుంది, బడి భాషకూ సాధన దొరుకుతుంది. టీచరు వినాల్సింది చివరి మాటనే. తరగతిలో గోల పెరుగుతుంది, పక్క గదివాళ్లు ఫిర్యాదు చేయవచ్చు. పద్ధతి విఫలమయ్యే చోట కూడా ఇదే: తెలుగులో మొదలైన చర్చ ఒడియా దాకా రాకుండా గంట కొట్టేస్తారు.

గైడులో అందరికీ ఒకే అభిప్రాయం

పరీక్ష మారితే బోధన మారుతుందన్నది సీబీఎస్‌ఈ మార్పు వెనక ఉన్న ఆశ. కొంతవరకు నిజమే. అయితే ప్రశ్న కొత్తదిగా ఉన్నన్నాళ్లే ఆలోచన అడుగుతుంది. రెండో ఏడు అదే నమూనా గైడులోకి వస్తుంది, మూడో ఏడు అదీ బట్టీయే. గంజాం తీరంలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపల వేట నిషేధం ఉంటుంది. ‘ఇది సరైనదేనా? మీ అభిప్రాయం రాయండి’ అన్నది మంచి ప్రశ్న. వేట మీద బతికే ఇంటి పిల్లకు చెప్పడానికి నిజంగా ఏదో ఉంటుంది: ఏడు నెలల సంపాదన, పరిహారం, పెద్ద ట్రాలర్లకూ చిన్న పడవలకూ ఒకే నియమమా అన్న సందేహం. గైడు మాత్రం ‘నా అభిప్రాయం’ అన్న శీర్షిక కింద అందరికీ కలిపి ఒకే అభిప్రాయం అచ్చువేస్తుంది, పర్యావరణాన్ని కాపాడాలి అని.

ట్యూషన్లు, అబాకస్, ‘బ్రెయిన్’ పేరున్న కోర్సుల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. అబాకస్‌తో అబాకస్ లెక్కలు వేగంగా వస్తాయి. దాన్నుంచి తుఫాను ప్రశ్నకు జవాబు రాదు.

ముందు ముందు ఏం కావచ్చు

ప్రశ్నపత్రం మారే వేగంతో భాష ఏర్పాటు కూడా మారకపోతే, కొత్త ప్రశ్నల వల్ల ఎక్కువగా లాభపడేది బడి భాషే ఇంటి భాష అయినవాళ్లు. పాత బట్టీ పేపర్లో తెలుగు ఇంటి పిల్ల ఒడియా జవాబును కంఠతా పట్టి 70 తెచ్చుకునేది. కొత్త పేపర్లో ఆ దారి మూసుకుపోతుంది, కొత్త దారికి భాష చాలదు. మంచి ఉద్దేశంతో చేసిన సంస్కరణ అంతరాన్ని పెంచడం అంటే ఇదే. ప్రైవేటు ఇంగ్లిష్ మీడియంలో చేరిస్తే చిక్కు తీరుతుందని చాలా ఇళ్లలో అనుకుంటారు. అక్కడ ఇంటికీ ప్రశ్నకూ మధ్య దూరం ఇంకా పెరుగుతుంది, ఇంట్లో ఆ భాష వినబడకపోతే.

దిద్దే పద్ధతి మారితే కొంత మారవచ్చు. తుఫాను ప్రశ్నకు ఒక పిల్ల ఒడియాలో నాలుగు వాక్యాలు రాసిందనుకుందాం. మూడు కారణాలు పెట్టింది, గాలి ఒక్కటే చాలదని పోల్చి చూపింది, ‘తరలించిన ఊళ్లు, తరలించని ఊళ్లు విడిగా లెక్క చూస్తే తెలుస్తుంది’ అని ముగించింది. అయిదు చోట్ల ఒత్తులు తప్పాయి, ఒక క్రియ తెలుగు వరసలో వచ్చింది. పేపరు తిరిగొచ్చినప్పుడు ఆ అయిదు ఒత్తుల కిందా ఎర్ర గీతలున్నాయి. ఆఖరి వాక్యం పక్కన ఏమీ లేదు.